తారాజువ్వ నేలకు దిగింది

ఆఫీసు, పై అంతస్తు,
కిటికీ లేని గది.

వదినా,

నిలబడి ఉంటే కూర్చో. అన్నయ్య పక్కనుంటే ఏదో ఒక పని చెప్పి అవతలికి పంపు. ఆ తర్వాతే కింది వాక్యం చదువు.

తారాజువ్వ మళ్ళీ వస్తోంది. తీసేది నేను!

పొద్దున నిర్మాతగారు గదిలోకి పిలిచి, తలుపు వేసి, "నీ చేతికి తారాజువ్వని అప్పగిస్తే ఏం చేస్తావు?" అన్నారు. వెనకా ముందూ చూసుకోకుండా "ముందు ఆ చంద్రుణ్ణి పీకి పారేస్తానండీ" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి "అయితే మొదలుపెట్టు" అన్నారు. బయటికొచ్చాక కాళ్ళు నేల మీద నిలవలేదు. జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడ్డ ఒకాయన్ని పట్టుకుని గిర్రున తిప్పేశాను. ఆయనెవరో నాకిప్పటికీ తెలియదు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో అయితే నేను అరవడం మొదలుపెడతాను, నువ్వు నవ్వడం మొదలుపెడతావు, మధ్యలో అన్నయ్య దూరి "పళ్ళు సరిగ్గా తోముకుంటున్నావా?" అంటాడు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. పైగా ఇది బయట ఎవరికీ చెప్పకూడని సంగతి. నీకు చెప్పడానికి మాత్రం నిర్మాతగారి దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకున్నాను. మొదటి నాలుగు వీడియో గేముల్లో తారాజువ్వ ఒళ్ళు నీదే కదా. ఆ దూకులు, ఆ పల్టీలు, ఆ నడక, అన్నీ నీ ఒంటి మీంచి రికార్డు చేసినవే.

నువ్వు మానేశాక మేం ఆమెని ఏం చేశామో తెలుసుగా. మొదటి ఆటలో ఆమె ముసుగు కట్టుకుని, చేతిలో కొక్కెం గొలుసుతో, శత్రువులు చుట్టుముట్టిన ఊళ్ళో పైకప్పుల మీంచి మందులు మోసే పిల్ల. ఎనిమిదో ఆటకి వచ్చేసరికి రెండు చేతులా తుపాకులు, చంద్రుడి మీద డ్రాగన్‌తో యుద్ధం. పత్రికల వాళ్ళు "తారాజువ్వ తుస్సుమంది" అని రాస్తే మాకు మాట్లాడ్డానికి నోరు లేదు. అందుకే ఇప్పుడు పాత కథంతా చెరిపేసి మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు. మా భాషలో రీబూట్ అంటారు. మా పళ్ళ డాక్టరు అన్నయ్య భాషలో చెప్పాలంటే, పుచ్చిన పన్ను మీద సిమెంటు పూయడం కాదు, పీకేసి కొత్తది పెట్టడం.

అయితే ఒక మెలిక ఉంది. ఎండలు ముదిరేలోగా ఒక చిన్న ముక్క తయారుచేసి సంస్థ పెద్దల ముందు ఆడించాలి. ఒక వీధి, ఒక పైకప్పు, ఒక పోరాటం. అది వాళ్ళకి నచ్చితే మూడేళ్ళ పని. నచ్చకపోతే తారాజువ్వ పేరు అటకెక్కుతుంది, మా టీమ్‌లో అందరం తలో దిక్కవుతాం.

కాబట్టి అడుగుతున్నాను. నువ్వు రావాలి. నాకు నీ నడక కావాలి.

నీ ఆడపడుచు,
బుడంకాయ
(ఇకమీదట డైరెక్టర్ బుడంకాయ)

*

ఈత కొలను,
టికెట్ల గది.

నా అర్ధమొగుడికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చూడు, డైరెక్టరు పదవి రాగానే వదినకి హుకుం జారీ అయింది! నక్క తోక తొక్కి వచ్చావే బుడంకాయా. ఉత్తరం చదివి ఎంత గట్టిగా అరిచానంటే టికెట్ కోసం నిలబడ్డావిడ రెండడుగులు వెనక్కి వేసింది. మీ అన్నయ్యకి చెప్తే "నా చెల్లెలు" అని మొదలుపెట్టి కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటుకి అరగంట సేపు చెప్పారట. పాపం, ఆ నోట్లో దూది. ఔననీ అనలేడు, కాదనీ అనలేడు.

రావడం మాత్రం కుదరదమ్మా. నలభై ఆరేళ్ళదాన్ని. ఇక్కడ పిల్లలకి దూకడం నేర్పాలి, టికెట్లమ్మాయి సెలవులో ఉంది. ఒళ్ళు విల్లులా వంగే పడుచుపిల్లలు నీకు కోకొల్లలుగా దొరుకుతారు. వాళ్ళని పెట్టుకో.

ఒళ్ళు ఇవ్వలేకపోయినా ఒక మాట ఇస్తాను. మీరు ఆ పిల్లకి ఎగరడం నేర్పారు గానీ దిగడం నేర్పలేదు. ఎనిమిదో ఆట ఆడాను నేను, నీకు చెప్పలేదంతే. నలభై అంతస్తుల మీంచి దూకి, మోకాలైనా వంచకుండా, జుట్టైనా చెదరకుండా నడుచుకుంటూ పోతుంది. అది మనిషా, గోడకంటించిన పోస్టరా? మా కొలనులో దూకడం ఎవరైనా దూకుతారు. నీళ్ళు వాళ్ళని ఎలా అందుకున్నాయన్న దాంట్లోనే విద్యంతా ఉంది. తారాజువ్వకి బరువు లేదు. బరువు లేని మనిషి పడుతుందేమోనని ఎవరికి భయం వేస్తుంది చెప్పు?

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటావేమో. దురద నాకు ఉంది మరి. మొదటి నాలుగూ నా పిల్లలే.

వదిన

*

ఆఫీసు, రికార్డింగ్ హాలు,
పరుపుల పక్కన నేల మీద కూర్చుని.

వదినా,

నీ ఉత్తరంలోని ఆ పేరాని పెద్దక్షరాల్లో రాసి గోడకి అంటించాను. "అది మనిషా, పోస్టరా?" ఇప్పుడు మా టీమంతా ఒకరినొకరు అలాగే తిట్టుకుంటున్నారు.

ఆ మాటతో ఇక్కడ భూకంపం వచ్చింది. గాల్లో రెండో దూకు తీసేశాను! అదే, గాల్లోకి ఎగిరాక, అడుగున ఏ ఆధారమూ లేకపోయినా బటన్ నొక్కితే మళ్ళీ ఎగరడం. ఎనిమిది ఆటల్లోనూ ఉన్నది. తారాజువ్వ అనగానే జనానికి గుర్తొచ్చేది అదే. నిర్మాతగారు బల్ల మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, అది తీసేస్తే అభిమానులు మనల్ని నిలువునా పాతేస్తారు" అన్నారు. "చంద్రుడి దాకా మోసుకెళ్ళింది ఆ దూకే కదండీ" అన్నాను. పొద్దుట్నుంచి భోజనాల వేళ దాకా వాదించుకున్నాం. చివరికి "చేసి చూపించు, చూసి తిడతాను" అన్నారు. ఆవిడ నోట అది వరమే.

మా ప్రోగ్రామర్ మునీశ్వరుడు గుర్తున్నాడా? నెలకి నాలుగు మాటలు మాట్లాడే గడ్డపాయన. ఇప్పుడు ఆమె కాళ్ళకి బరువు పెట్టాడు. దూకి దిగితే మోకాళ్ళు వంగుతాయి, గొలుసు ఆమె వెనకాల ఊగి ఆమెనే ఒక పక్కకి లాగుతుంది. మొదటిసారి పైకప్పు అంచు మీద దించినప్పుడు నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. నీ మాట నిజం. బరువుంటేనే భయం.

ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. కదలికల కోసం ఒక అమ్మాయిని తీసుకున్నాం. సాముగరిడీల్లో ఆరితేరిన పిల్ల, రబ్బరులా వంగుతుంది. ఏ తప్పూ చేయదు. అదే నా బాధ. ప్రతి కదలికా అద్దంలో చూసుకుని చేసినట్టుంది. "అక్కా, నేనేం తప్పు చేస్తున్నానో చెప్పండి" అని అడుగుతుంది. ఏం చెప్పను? "మా వదినలా నడువు" అంటే ఆమెకి ఏం తెలుస్తుంది?

రా వదినా. పల్టీలు వద్దు, ఏమీ వద్దు. ఊరికే నడిచి చూపించు. ఒక్క పూట.

ఇంకో సంగతి. నువ్వు టికెట్ల గది నుంచి ఎందుకు రాశావు? టికెట్లమ్మాయి సెలవులో ఉంటే గుమాస్తా కూర్చుంటాడు గానీ, దూకడం నేర్పే టీచరు ఎందుకు కూర్చుంటుంది?

బుడంకాయ

*

ఇల్లు,
వంటింటి బల్ల.

బుడంకాయా,

నీకు చిన్నప్పట్నుంచీ ఇదే రోగం. నవ్వుతూనే పాయింటు పట్టేస్తావు.

సరే, విను. వర్షాలు పడ్డప్పుడు నాకు జ్వరం వచ్చిందని మీ అన్నయ్య చెప్పారు కదా. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఎడమ చెవిలోని నరాన్ని పాడుచేసి పోయింది. వినికిడి కొంత పోయింది, అది నాకంత పట్టింపు లేదు. నాకు సూక్తులు వినిపించేది ఆ పక్కనుంచే కాబట్టి మీ అన్నయ్యే ఎక్కువ బాధపడుతున్నారు. కానీ మనిషి పడిపోకుండా నిలబెట్టేది కూడా ఆ చెవి లోపలే ఉంటుందట. జ్వరం తగ్గి మంచం దిగిన రోజు గది మొత్తం పక్కకి ఒరిగింది. లేచిన దాన్ని లేచినట్టే బోర్లా పడ్డాను.

నేను, పడ్డాను! అరచేయంత వెడల్పు పిట్టగోడ మీద పరిగెత్తిన దాన్ని, వంటింట్లోంచి హాల్లోకి రావడానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. భూమి నా మాట వినడం మానేసింది.

ఇప్పుడు చాలా నయం. రోజూ వరండాలో అటూ ఇటూ నడుస్తూ తల తిప్పడం నేర్చుకుంటున్నాను. నవ్వకు, అదొక వ్యాయామం. ఎదురుగా ఒక వస్తువు మీద చూపు నిలపాలి. గోడకి వేళ్ళ కొసలు తగిలించి ఉంచాలి. ఆనుకోకూడదు, తగిలించాలంతే. గోడ ఎక్కడుందో వేలికి తెలిస్తే, నేను ఎక్కడున్నానో ఒంటికి తెలుస్తుంది. వెలుతురు ఉంటే బాగానే నడుస్తాను. జనంలో తల గబుక్కున తిప్పితే మాత్రం పడవెక్కినట్టే. అందుకే పిల్లల్ని దూకించే మెట్ల మీదికి ఇంకా నన్ను పోనివ్వడం లేదు. టికెట్లు చింపుతున్నాను.

నీకు చెప్పొద్దని మీ అన్నయ్య దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఆయన్ని తిట్టకు. నీ గొంతులో ఆ "అయ్యో" వినడం నాకు ఇష్టం లేదు. ఈ ఊళ్ళో ఇప్పటికే సరిపడా ఉంది.

కాబట్టి నా నడక నీకు పనికిరాదు. ఆ రబ్బరు పిల్లనే ప్రేమగా చూసుకో.

వదిన

*

ఆఫీసు, పై అంతస్తు,
మునీశ్వరుడి బల్ల.

వదినా,

ముందు కోపం. ఇన్నాళ్ళు దాస్తావా? నేనేమన్నా పరాయిదాన్నా? అన్నయ్యకి విడిగా రాస్తున్నాను, ఆ ఉత్తరం నువ్వు తెరవకు. అందులో మాటలు ఆడవాళ్ళు చదవదగ్గవి కావు.

అయ్యో అనను. అననంటే అనను. కోపం అయిపోయింది. ఇప్పుడు నిజం చెప్తాను. నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చాను. రెండోసారి చదివితే, "గోడ ఎక్కడుందో వేలికి తెలిస్తే నేను ఎక్కడున్నానో ఒంటికి తెలుస్తుంది" అన్న చోట లేచి నిలబడ్డాను. మునీశ్వరుడి దగ్గరికి పరిగెత్తాను.

చూడు వదినా! తారాజువ్వకి రెండో దూకు తీసేశాం, దాని చోటు ఖాళీగా పడి ఉంది. అక్కడ ఏం పెట్టాలో తెలియక నెల రోజులుగా జుట్టు పీక్కుంటున్నాం. అది ఇదే! ఆమె చెయ్యి. దేన్నైనా ముట్టుకుంటేనే ఆమెకి బలం. గోడ, కమ్మీ, స్తంభం, దండెం, ఆఖరికి కొట్టడానికి వచ్చినవాడి భుజం! చేతికి ఏదో ఒకటి తగిలి ఉంటే ఆమె గొలుసు పాములా తిరుగుతుంది. చెయ్యి ఖాళీ అయితే లోకం ఒరుగుతుంది, ఆడేవాడి గుండె జారుతుంది, మళ్ళీ ఏదో ఒకటి అందుకోవాలి. ఊళ్ళోని ప్రతి ఇటుకా ఆయుధమే! మునీశ్వరుడికి చెప్తే కుర్చీలోంచి లేచి "చేద్దాం, చేద్దాం, చేద్దాం" అన్నాడు. వచ్చే నెల కోటా కూడా వాడేసుకున్నాడు.

రెండు వారాల్లో ముడిగా ఒకటి కట్టేశాం. అబ్బ, వదినా, చేతిలో పెట్టుకుంటే వదలబుద్ధి కావడం లేదు.

కానీ ఇది నీది. నీ ఒంటిది. నువ్వు సరేనంటేనే ఉంచుతాను. అడగకముందే కట్టేసినందుకు రెండు మొట్టికాయలు వేయి. సరే అను.

బుడంకాయ

*

ఇల్లు.

బుడంకాయా,

వద్దు.

నేను వంటింటి గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నది నీ ఆటలో తమాషా కోసం కాదు. కొలను దగ్గర రోజూ వచ్చేవాళ్ళు నా చెయ్యి గోడ మీద చూడగానే మొహం ఒకలా పెడతారు. ఆ మొహాలు ఇంకో లక్ష తయారుచేయకు. తారాజువ్వని అయినా నాకు వదిలెయ్. నా లెక్కలో ఆమె ఇంకా పిట్టగోడ మీద పరిగెడుతూనే ఉంది.

పని బాగా చేసుకో. భోజనం వేళకి తిను.

వదిన

*

ఆఫీసు, పై అంతస్తు.

వదినా,

తీసేశాం. ఆ రోజే తీసేశాం.

టీమ్‌కి కారణం చెప్పలేదు, చెప్పను కూడా. "అది మనది కాదు" అన్నాను, అంతే. మునీశ్వరుడు మళ్ళీ మౌనవ్రతంలోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తారాజువ్వ చక్కగా దూకుతోంది, చక్కగా దిగుతోంది. బాగానే ఉంది. "బాగానే" అన్న మాట ఎంత చప్పగా ఉంటుందో నీకు తెలుసు. పెద్దల ముందు దీన్నే పెడతాం. ఏమవుతుందో చూద్దాం.

నా ఆత్రంలో నువ్వు మనిషివన్న సంగతి మర్చిపోయాను. ఆ రోజు ఉత్తరంలో చివర్న అడిగాను, మొదట్న అడగాల్సింది.

తల తిప్పే వ్యాయామం మానకు. అన్నయ్యని ఎడమ పక్కనే కూర్చోబెట్టు, నీకు ప్రశాంతంగా ఉంటుంది.

బుడంకాయ

*

ఈత కొలను,
టికెట్ల గది.

బుడంకాయా,

నిన్న ఇక్కడ ఒకటి జరిగింది. నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా దగ్గర కొత్తగా ఒక బామ్మగారు చేరారు. నీళ్ళంటే చచ్చేంత భయం, అయినా నేర్చుకుంటానని పట్టు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నేను టికెట్ల గదిలోంచి చూస్తున్నాను. ఆవిడ నీళ్ళలోకి దిగి, గట్టు కమ్మీ పట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారని సిగ్గుపడి, వదిలేసి, మునిగి, దగ్గుతూ లేస్తున్నారు. మళ్ళీ అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి అక్కడికి నడిచాను, గోడ పట్టుకునే అనుకో. "పట్టుకోండమ్మా! ఎందుకు వదిలేస్తున్నారు? గట్టు ఉన్నది పట్టుకోవడానికే కదా!" అని కేకేశాను.

ఆవిడ నా చేతి వంక చూశారు. అయ్యో అనే మొహం పెట్టలేదు. "ఓహో, అలాగా" అని కమ్మీ మీద వేళ్ళు ఆనించి, కాళ్ళు ఆడించి, కొలను ఆ చివరిదాకా వెళ్ళిపోయారు. అక్కడినుంచి నాకు చెయ్యి ఊపారు. ఊపడానికి కమ్మీ వదిలేసి మళ్ళీ మునిగారు. అది వేరే సంగతి.

సాయంత్రమంతా నా కేకే నా చెవుల్లో మోగింది, వినిపించే చెవిలోనూ, వినిపించని చెవిలోనూ.

మీరు తీసేసింది ఎక్కడైనా దాచారా, పూర్తిగా చెరిపేశారా? చెరపకపోతే నేనొచ్చి ఆడి చూస్తాను. సరేనని అనడం లేదు. చూస్తానంటున్నాను. నచ్చకపోతే నేనే నా చేత్తో చెరిపేస్తాను.

మీ అన్నయ్య కూడా వస్తారట. రైల్లో జనం ఎక్కువగా ఉంటే పట్టుకోవడానికి ఒక స్తంభం కావాలి కదా.

వదిన

*

ఆఫీసు. ఎక్కడో. ఏ గదో చూసుకోలేదు.

వదినా!!

మునీశ్వరుడు ఏదీ చెరపడు, తన గడ్డంతో సహా. రా. రా. రా.

బుడంకాయ

*

ఇల్లు,
మంచం మీద. లేవలేను, అంచేత.

బుడంకాయా,

ఒళ్ళు హూనమైంది. నడుం దగ్గర్నుంచి మెడ దాకా ఒక్క ఎముక కూడా పలకరిస్తే పలకడం లేదు. ఎంత బాగుందో!

మీ అందరి ముందూ చెప్పలేకపోయిన మాటలు ఇప్పుడు చెప్తాను. తెర మీద ఆమె మొదటిసారి గోడ మీద చెయ్యి వేసినప్పుడు నాకు ఏడుపు రావాలి కదా? కోపం వచ్చింది! "తప్పు" అని నేను అరిచింది అందుకే. మీరు ఆమెని గోడకి ఆనించారు. ముసలమ్మ చేతికర్ర మీద ఆనుకున్నట్టు. ఆనుకోవడం కాదే మొద్దూ, అడగడం! వేలి కొసతో గోడని అడుగుతాం, "ఉన్నావా?" అని. "ఉన్నా" అంటుంది. అంతే, పోతాం. ఎంతసేపు చెప్పినా మీ ఎవ్వరికీ ఎక్కకపోతే ఏం చేయను? కదలికలు రికార్డు చేసే ఆ నల్ల సూటు తెమ్మన్నాను.

పదేళ్ళ తర్వాత ఆ సూటు, ఒంటినిండా ఆ తెల్ల గుండ్లు. అద్దంలో చూసుకుంటే బొబ్బర్లు చల్లిన సొరకాయలా ఉన్నాను. మీ అన్నయ్య మొహం పాలిపోయింది, గమనించావా? "పడతావే" అన్నారు. "పరుపులు ఉన్నవి పడటానికే" అన్నాను. పడ్డాను కూడా. మొదటిసారి పడ్డప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో మళ్ళీ ఆ అయ్యో వస్తుందేమోనని కళ్ళు మూసుకున్నాను. మీ మునీశ్వరుడు మైకులో ఏమన్నాడో విన్నావుగా. "పడటం కూడా రికార్డయింది. చాలా బాగుంది. ఇంకోసారి పడతారా?"

ఆ క్షణంలో ఆ గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. ఈ ముక్క మీ అన్నయ్యకి చదివి వినిపించకు.

రబ్బరు పిల్ల బంగారం. నా పక్కన నిలబడి, నా చెయ్యి చూసి, కళ్ళు మూసుకుని తను కూడా గోడ వెంట నడిచింది. "అక్కా, ఇన్నాళ్ళూ నేను గాలితో పని చేశాను" అంది. నాకు చేతకాని పల్టీలు ఆమె వేస్తుంది, ఆమెకి రాని అడుగు నేను వేస్తాను. ఇద్దరం కలిసి ఒక తారాజువ్వ. కొట్టేవాడి చొక్కా కాలరు పట్టుకుని తిరిగి, వాడి కాలు తొక్కి వాణ్ణే వాడి పక్కవాడి మీదికి తోయడం నా ఆలోచనే, అది మర్చిపోకు. ఆమెని మరీ పుణ్యాత్మురాలిని చేశారు మీరు. మోసం చెయ్యనివ్వండి. చెయ్యి జారుతున్న మనిషికి నీతులేమిటి?

సరే అంటున్నాను. ఒక్క షరతు. పేర్ల జాబితాలో కదలికలు నావని వేయండి, నా జబ్బు సంగతి వేయొద్దు. ఆమె గోడ ఎందుకు ముట్టుకుంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పెద్దల ముందు ఎప్పుడు? రోజూ ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడతాను.

వదిన

*

ఆఫీసు, నిర్మాతగారి గది
(ఆవిడ కుర్చీలోనే, ఆవిడే కూర్చోమన్నారు).

వదినా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ముగింపు చూడకు.

పెద్దలు వచ్చారు. బల్లకి ఆ పక్క అందరూ ఇస్త్రీ మడతలే. మధ్యలో పెద్దతలకాయ, అంటే సంస్థకి అధిపతి. పాత ఆటలన్నీ ఆడినాయన. కంట్రోలర్ తీసుకోగానే పరిగెత్తించి, పైకప్పు అంచు మీంచి దూకించి, గాల్లో రెండోసారి నొక్కాడు. ఏమీ కాలేదు. తారాజువ్వ రాయిలా కిందపడింది. ఆయన నిర్మాతగారి వంక చూశాడు. నిర్మాతగారు సీలింగ్ వంక చూశారు. మళ్ళీ దూకాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పడింది. మునీశ్వరుడు కళ్ళు మూసుకున్నాడు.

ఈసారి ఆయన దూకే ముందు ఆగాడు. పక్కన గొట్టం ఉంది. ఆమె చెయ్యి దానికి తగిలింది. కంట్రోలర్ చేతిలో చిన్నగా అదిరింది, నీ "ఉన్నావా, ఉన్నా" అదే. గొలుసు తిరిగింది. ఆమె గొట్టం చుట్టూ తిరిగి అవతలి పైకప్పు మీద దిగి, కాపలావాడి కాలరు అందుకుని, వాడి కాలు తొక్కి... గదిలో ఎవరో "హా" అన్నారు. ఆయనే! కోటు విప్పేశాడు. ముందుకు వంగాడు. ఓడిపోయి, "ఇది నా వల్ల కాదు" అని పక్కాయనకి ఇచ్చి, ఆయన రెండడుగులు వేయకముందే "ఇటు తే, ఇటు తే, నీకు రాదు" అని లాక్కున్నాడు.

ఒకావిడ అడిగింది. "ఈ అమ్మాయి మాటిమాటికీ గోడ ముట్టుకుంటుందేం? ఏమన్నా బాగాలేదా?"

నేను నోరు తెరిచేలోగా, వెనకాల నిలబడ్డ రబ్బరు పిల్ల టక్కున అంది, "గోడ ఉంది కదండీ." అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, తన వంతు అడిగి తీసుకుంది.

ఆట ఆపాక పెద్దతలకాయ కోటు మళ్ళీ తొడుక్కున్నాడు. తర్వాత, "రెండో దూకు ఏదని జనం తిడతారు" అన్నాడు. "తిట్టనివ్వండి సార్" అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ధైర్యం. "ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె పడుతుందేమోనని నాకు భయం వేసింది" అని లేచి, చెయ్యి చాచాడు. "కానివ్వండి."

వదినా! కానివ్వమన్నాడు! మూడేళ్ళు! నేను మునీశ్వరుణ్ణి కౌగిలించుకున్నాను, ఆయన నిర్మాతగారిని కౌగిలించుకున్నాడు, నిర్మాతగారు ఆ ఊపులో పెద్దతలకాయని కూడా కౌగిలించుకుని, తర్వాత ఇద్దరూ దగ్గుకుంటూ నిలబడ్డారు.

వచ్చే నెల పెద్ద హాల్లో అందరి ముందూ ప్రకటిస్తాం. అభిమానులొస్తారు, అక్కడే ఆడిస్తాం. నీకు ముందు వరసలో కుర్చీ. జనం ఎక్కువ, గోల ఎక్కువ, కాబట్టి రాకపోయినా ఏమీ అనుకోను. కానీ రా.

నీ బుడంకాయ

*

రైలు,
కిటికీ పక్క సీటు. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు పట్టాలది.

బుడంకాయా,

నీ ముందు వరస కుర్చీ ఖాళీగా ఉందని బాధపడి ఉంటావు. రాకపోలేదు. చెప్పకుండా వచ్చాం. అభిమానుల వరసలో నిలబడి, మామూలుగా టికెట్ తీసుకుని. ఇన్నాళ్ళు టికెట్లు చింపినదాన్ని, నా టికెట్ ఇంకొకరు చింపితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

నువ్వు వేదిక మీదికి వచ్చి "రెండో దూకు లేదు" అన్నప్పుడు లేచిన అరుపులు నా ఒక్క చెవీ పగిలిపోయేలా ఉన్నాయి. మా వెనకాల తారాజువ్వలా ముసుగులు కట్టుకున్న గుంపు ఒకటి "మోసం! మోసం!" అని కేకలు. మీ అన్నయ్య వెనక్కి తిరిగి "ముందు ఆడి చూడండయ్యా, నోరు తర్వాత తెరుద్దురు గాని" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకరిని నోరు మూసుకోమనడం. నువ్వు మాత్రం వేదిక మీద కదలకుండా, చెక్కుచెదరకుండా నిలబడ్డావు. "ఆడాక తిట్టండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నావు. నా ఆడపడుచు అని పక్కవాళ్ళకి చెప్పకుండా ఉండటానికి నాలుక కొరుక్కున్నాను.

తర్వాత ఆడటానికి వరసలో నిలబడ్డాం. జనం, దీపాలు, గోల. లోకం కొంచెం ఒరిగింది, నేను మీ అన్నయ్య భుజం అందుకున్నాను. నా ముందు ఆ ముసుగుల గుంపులోని అమ్మాయే ఉంది. తన వంతు వచ్చేదాకా తిడుతూనే ఉంది. ఆడింది. పడింది. పడింది. చెయ్యి తగిలింది. ఇంక తిట్టు లేదు. వంతు అయిపోయినా, మీ వాళ్ళు బతిమాలితే గానీ కంట్రోలర్ వదల్లేదు. నా చేతికి ఇస్తూ, "ఆంటీ, ఇది మీకు కొంచెం కష్టం. కంగారు పడకండి, గోడ ఎక్కడుందో చూసుకోండి. ఆనుకోకూడదు, ఊరికే తగిలించాలి" అంది.

"అలాగేనమ్మా" అన్నాను.

ఓడిపోయాను. కాలరు పట్టుకునే బటన్ ఏదో మర్చిపోయాను. ఆ పిల్ల నా భుజం తట్టి ఓదార్చింది.

అసలు సంగతి ఆ తర్వాత. బయటికి వెళ్ళే దారి పొడవాటి వరండా. ఇద్దరం తలుపు దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. ఆట ఆడి వచ్చినవాళ్ళంతా ఆ వరండాలో పోతున్నారు. పిల్లలు, పెద్దలు, టై కట్టుకున్న ఒకాయన, ముసుగుల గుంపు. అందరి చేతులూ గోడ మీదే! వేళ్ళ కొసలు తగిలించి నడుస్తున్నారు, తిరుగుతున్నారు, ఒకరి కాలరు ఒకరు పట్టుకుని నవ్వుకుంటున్నారు. టై ఆయన అటూ ఇటూ చూసుకుని, చిన్నగా ఎగిరి, మోకాళ్ళు వంచి దిగాడు.

మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకోబోయారు. వద్దన్నాను. గోడ మీద వేళ్ళు పెట్టి, వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ పోయాను. జ్వరం వచ్చిన తర్వాత మొదటిసారి, నా చేతి వంక ఎవ్వరూ చూడలేదు బుడంకాయా. చూసిన ఒకావిడ, "మీకు బాగా వస్తోందండీ" అంది.

మిగతా రికార్డింగ్ ఎప్పుడు మొదలుపెడతారో కనుక్కుని వెంటనే రాయి. సూటు నడుం దగ్గర కాస్త వదులు చేయించు. మూడేళ్ళ పని అంటున్నావు కాబట్టి కొలనులో చెప్పేశాను, టికెట్లకి ఇంకొకరిని చూసుకోమని.

వదిన